తాళాలు రాని పాటలు

2016 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి క్వయర్ నడిపే జేమ్స్, కృపానిధిని మెట్ల దగ్గర ఆపి చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టాడు. జేమ్స్ రైల్వేలో బుకింగ్ క్లర్కు. మే నెలలో చర్చికి డెబ్బై ఐదేళ్లు నిండుతాయి. ఆ పండగకి పాడాల్సిన ముప్పై ఒక్క పాటలు క్వయర్ చేత ముందే పాడించి రికార్డు చేసి ఉంచాడు.

"ఇంటికాడ కాళీగానే ఉన్నావు గదన్నా. ఫోన్లో ఎక్కించుకొని ఇనుకో. మే నెలకి నోటికొచ్చేస్తాయి" అన్నాడు.

"సరే" అన్నాడు కృపానిధి.

ఆ రోజుల్లో ఆయన అన్నిటికీ సరే అనేవాడు. అన్నం పెట్టమంటావా అంటే సరే. వద్దా అన్నా సరే.

చీపురుపల్లి రైలు గేటు అవతల రెండు గదుల ఇల్లు ఆయనది. వయసు యాభై రెండు. ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న జూట్ మిల్లులో ఇరవై ఏడేళ్లు మగ్గాల షెడ్డులో పనిచేశాడు. నవంబరులో ఒక ఉదయం షిఫ్టుకి వెళ్తే గేటుకి లాకౌట్ నోటీసు అంటించి ఉంది. రెండుసార్లు చదివాడు. టిఫిన్ క్యారేజీ సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని తిరిగి వచ్చాడు. కాళ్లు కడుక్కుని, క్యారేజీలో అన్నం పళ్లెంలోకి వంపుకుని పొద్దున్న తొమ్మిదింటికే తినేసి పడుకున్నాడు. మిగతా కార్మికులు గేటు ముందు టెంటు వేస్తే రోజూ వెళ్లి కూర్చునేవాడు. నినాదాలు ఇచ్చేటప్పుడు చెయ్యెత్తేవాడు. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసేవాడు. కోపం రాలేదు, ఏడుపు రాలేదు. భార్య స్వర్ణ అంగన్‌వాడీ టీచరు. ఆమె పది రోజులు ఎదురుచూసింది, ఈయన ఏదో ఒకటి అంటాడని. తర్వాత ఎదురుచూడడం మానేసి తన పనిలో తను పడింది.

ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. కూతురు షాలిని డిగ్రీ చదివేటప్పుడు కొన్నది. ఇప్పుడామె ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చేస్తూ హాస్టల్లో ఉంటోంది. కంప్యూటర్‌కి రెండు పెద్ద స్పీకర్లు, బల్ల కింద ఒక ఊఫర్ పెట్టె ఉన్నాయి. సోమవారం స్వర్ణ సెంటర్‌కి వెళ్లాక కృపానిధి పెన్‌డ్రైవ్ గుచ్చి, మొదటి పాట పెట్టి, సౌండు చివరిదాకా తిప్పాడు. డోలక్, హార్మోనియం, మగవాళ్ల గొంతులు గది నిండా వచ్చాయి. వాటి మీద, క్వయర్‌లో పాడే గురమ్మ కొట్టే కంచు తాళాలు సన్నగా వినబడ్డాయి. ఆ తాళాలు అంతకు ముందు కృపానిధివే. ఇరవై ఏళ్లు చర్చిలో ఆయనే కొట్టాడు. మూడేళ్ల కిందట జేమ్స్ వాటిని గురమ్మకి ఇచ్చి, "భుజం నొప్పంటన్నావు గదన్నా, కొన్నాళ్లు ఊరుకో" అన్నాడు. అప్పుడు కూడా సరే అన్నాడు.

పాటలు బాగున్నాయి. ఇక వాటిని ఫోన్లోకి ఎక్కించాలి. ఫోన్ క్రిస్మస్‌కి షాలిని కొనిచ్చింది. దాన్ని కంప్యూటర్‌కి కలపడం ఆయనకి అదే మొదటిసారి. వైరు తగిలించాడు. ఛార్జింగు ఎక్కుతోంది, అంతే. షాలినికి ఫోన్ చేశాడు.

"అమ్మా, వైరెట్టాను. సార్జింగైతే ఎక్కతన్నాది గానీ కంప్యూటర్లో ఫోను పేరే కనబడ్డం లేదు."

"ఏ వైరు నాన్నా? బాక్సులో వచ్చిందా, అమ్మ ఛార్జర్‌దా?"

"మీ అమ్మది."

"అది ఛార్జింగ్‌కే పనికొస్తుంది. కొన్ని వైర్లకి లోపల డేటా తీగలుండవు. బాక్సులోది తియ్యి. పెట్టాక ఫోన్లో పైనుంచి వేలుతో కిందకి లాగు. 'ఛార్జింగ్ ఓన్లీ' అని ఉంటాది. దాన్ని నొక్కి ఫైల్ ట్రాన్స్‌ఫర్ అని మార్చు."

ఆయన షాలిని పాత నోటుబుక్కులో అవన్నీ రాసుకున్నాడు. ఒకటి, వైరు. రెండు, వేలుతో లాగడం. మగ్గం ఆగిపోతే కూడా ఇలాగే చూసేవాడు. ముందు పోగు తెగిందా, తర్వాత నాడెలో పోగు చుట్టిన కండె అయిపోయిందా, ఆ తర్వాత బెల్టు. ఒకటి చూడకుండా రెండోదానికి వెళ్లేవాడు కాదు. షెడ్డులో ఆయన మగ్గం ఎక్కువసేపు ఆగి ఉండదని పేరు.

వైరు మార్చగానే ఫోన్ పేరు కనబడింది. పాటల సాఫ్ట్‌వేర్ తెరిచి సింక్ నొక్కాడు. ఇరవై మూడు పాటలు వెళ్లి ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఇరవై మూడే. మెమొరీ కార్డు నిండిపోయిందని మర్నాడు షాలిని కనిపెట్టి చెప్పింది. పాత ఫోన్లోంచి తీసి పెట్టిన కార్డు అది, నిండా మిల్లు యూనియన్ మీటింగుల వీడియోలు. అన్నీ తీసేశాడు. తీసేసే ముందు ఒక్కటి కూడా పెట్టి చూడలేదు. ఈసారి ముప్పై ఒకటీ వెళ్లాయి గానీ ఐదు పాటలు ఫోన్లో తెరుచుకోలేదు. అవి వేరే రకం ఫైళ్లట. వాటిని మార్చే ప్రోగ్రామ్ ఎక్కడ దొరుకుతుందో, అందులో ఏ బటన్ తర్వాత ఏ బటన్ నొక్కాలో షాలిని క్లాసుకీ క్లాసుకీ మధ్య ఫోన్‌లో చెప్పింది. నోటుబుక్కులో పదకొండో నంబరు దాకా వచ్చింది.

శుక్రవారానికి అన్ని పాటలూ ఫోన్లో పలికాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మిల్లు గేటు టెంటుకి నడిచి వెళ్తూ మొదటి పాట పెట్టాడు.

తాళాలు రాలేదు.

డోలక్ వస్తోంది. మగ గొంతులు వస్తున్నాయి. ఆడవాళ్ల గొంతులు గోడ అవతలి నుంచి వస్తున్నట్టున్నాయి. మాటల్లో కొన్ని అక్షరాలు ఊడిపోయినట్టున్నాయి. తాళాలు అసలే లేవు. రోడ్డు పక్కన నిలబడి రెండో పాట పెట్టాడు, ఏడోది పెట్టాడు. అన్నీ అంతే. టెంటుకి వెళ్లకుండా వెనక్కి తిరిగాడు. కంప్యూటర్లో అవే పాటలు సౌండు పూర్తిగా పెట్టి విన్నాడు. సన్నగానైనా తాళాలు ఉన్నాయి. కాబట్టి సింక్‌లో పోతున్నాయి. అలా నిర్ణయించుకున్నాడు.

ఫోన్లో పాటలన్నీ చెరిపి మళ్లీ ఎక్కించాడు. రాలేదు. కార్డులో కాకుండా ఫోన్లోనే ఎక్కించాడు. రాలేదు. సింక్ వదిలేసి, ఫోల్డర్ తెరిచి ఒక్కో పాటనీ కాపీ చేసి అతికించాడు. రాలేదు. కంప్యూటర్లో పాట ఎన్ని ఎంబీలుందో, ఫోన్లో ఎన్ని ఎంబీలుందో పక్కపక్కన రాసి చూశాడు. ముప్పై ఒక్క పాటలూ లెక్క సమానంగానే ఉన్నాయి. ఆ కాగితం చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. పొయ్యి మీద పాలు పొంగి స్టవ్వంతా కారాయి.

సోమవారం మెయిన్‌రోడ్డులో సెల్ షాపు నడిపే ధర్మేంద్ర దగ్గరికి వెళ్లాడు. ముప్పై ఐదేళ్ల మనిషి. ఊళ్లో సగం ఫోన్లు ఆయన చేతిమీదుగానే బాగుపడతాయి.

"పాటలు సగమే ఎక్కతన్నాయి బాబూ" అన్నాడు కృపానిధి.

"సగం పాటకి ఆగిపోతన్నాదేటి?"

"ఆగదు. ఆకరిదాకా వస్తాది. లోపల తాళాలు రావు, ఆడోళ్ల గొంతులు రావు."

ధర్మేంద్ర ఇయర్‌ఫోన్ల పిన్ను చూసి నవ్వాడు. "ఇది సగమే దిగినాది బాబాయ్. పిన్ను సగం దిగితే ఇలాగే గొంతులు మాయమైపోతాయి, ఉత్త వాయిద్యాలే వస్తాయి. రోజుకి నలుగురొస్తారు దీనికోసం." పిన్ను గట్టిగా నొక్కి, తను కాసేపు విని, "అదిగో, క్లియర్" అని తిరిగి ఇచ్చాడు.

కృపానిధి పెట్టుకున్నాడు. "రాలేదు బాబూ."

ధర్మేంద్ర కొత్త ఇయర్‌ఫోన్లు తీసి పెట్టాడు. సౌండు సెట్టింగులన్నీ మొదటికి తెచ్చాడు. అదే పాటని తన ఫోన్లోకి పంపించుకుని అందులో పెట్టాడు. ప్రతిసారీ తను విని బాగానే ఉందన్నాడు, ప్రతిసారీ కృపానిధి లేదన్నాడు. చివరికి, "నాకైతే బాగానే వస్తన్నాది బాబాయ్. మరి ఈ పాట అసలెలాగుండాలో నాకు తెలవదు గదా" అన్నాడు.

అవును, వాడికి తెలియదు, అనుకున్నాడు కృపానిధి. నమస్కారం పెట్టి వచ్చేశాడు.

శనివారం మధ్యాహ్నం షాలిని పొందూరులో రైలెక్కి ఇంటికి వచ్చింది. సంచి దించకముందే ఆయన నోటుబుక్కు చేతికిచ్చాడు. ఇరవై రెండు నంబర్లు రాసి ఉన్నాయి. ఆమె నిలబడే చదివింది.

"ఇన్ని చేశావా నాన్నా? మాకు ల్యాబులో కూడా ఇంత వరసగా ఎవరూ రాయరు."

"ఇంకేటైనా మిగిలినాదేమో సూడు."

ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు. ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో, రెండోది ఆయన చెవిలో. మొదటి పాట పెట్టాడు. పల్లవి అయ్యాక వేలెత్తాడు.

"ఇదిగో, ఇక్కడ పడాల తాళాలు. రాలేదు, సూసేవా?"

షాలిని ఇయర్‌ఫోన్ చెవికి నొక్కి పట్టుకుంది.

"మళ్లీ ఇదిగో. చరణం ఎత్తేటప్పుడు జోరుగా కొడతాది గురమ్మ. లేవు."

షాలిని ఆయన వైపు తిరిగి చూసింది. ఇయర్‌ఫోన్లు మార్చింది. తనది ఆయనకిచ్చి ఆయనది తను పెట్టుకుంది. పాట మొదటికి తీసుకొచ్చింది. ఆయన మళ్లీ అవే చోట్ల వేలెత్తి, లేవు, లేవు అంటున్నాడు. సరిగ్గా ఆ చోట్లలోనే ఆమె చెవిలో తాళాలు గణగణ మోగుతున్నాయి.

"నాన్నా, వస్తన్నాయి" అంది.

"ఏటి?"

"తాళాలు. వస్తన్నాయి. బాగా వస్తన్నాయి."

కృపానిధి ఇయర్‌ఫోన్ చెవిలోకి ఇంకాస్త నొక్కుకున్నాడు. పాట అయిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. అయ్యాక తీసి, వైరు చుట్టి, ఫోన్ పక్కన పెట్టాడు.

"మరి కంప్యూటర్లో ఇనబడతన్నాయి గదా?"

"అవి పెద్ద స్పీకర్లు. నువ్వు సౌండంతా పెట్టేసి దగ్గర కూసుంటావు. అందుకని కొంచెం తెలుస్తాది. ఫోన్లో అంత ఉండదు." ఆమె నోటుబుక్కు మూసింది. "మగ్గాల షెడ్డులో ఇన్నేళ్లు... సన్నటి శబ్దాలే ముందు పోతాయంట నాన్నా."

"సరే" అన్నాడు.

వంటింటి గుమ్మంలో స్వర్ణ నిలబడి ఉంది. షాలిని ఆమెను అడిగింది. "అమ్మా, నీకు తెలవదా?"

"ఎందుకు తెలవదు? కుక్కరు కూత మీ నాన్నకి ఇనబడి పదేళ్లయినాది. రైలు కూత ఇంటాడు, కుక్కరు కూత ఇనడు. పక్క మగ్గం జోగయ్యన్నకీ అంతే, వాళ్లావిడ సెప్పింది. మిల్లోలందరూ ఇంతే గావాలనుకున్నాను. గట్టిగా మాటాడ్డం అలవాటైపోనాది." భర్త వైపు చూసి, "మీకు తెలుసనే అనుకున్నాను" అంది.

కృపానిధికి తెలియదు. ఎవరూ తనతో మెల్లగా మాట్లాడలేదు కాబట్టి ప్రపంచం అలాగే మాట్లాడుతుందనుకున్నాడు. స్వర్ణ ఏడ్చింది, షాలిని ఏడ్చింది. ఆయన ఇద్దరి మధ్యా కూర్చుని, తనకి కూడా ఏదైనా వస్తుందేమోనని చూశాడు. ఏమీ రాలేదు. ఆకలిగా మాత్రం ఉంది. అన్నం పెట్టమన్నాడు.

మర్నాడు ఆరాధన అయ్యాక జేమ్స్‌ని పక్కకి పిలిచాడు.

"జేమ్సూ, నిజం సెప్పు. తాళాలు నా దగ్గర్నుంచి ఎందుకు తీసేసేవు?"

జేమ్స్ చేతిలో పాటల పుస్తకాలు సర్దుకున్నాడు. "భుజం నొప్పని నువ్వే..."

"భుజం గాదు."

జేమ్స్ పుస్తకాలు మెట్టు మీద పెట్టాడు. "మరీ గట్టిగా కొట్టేసేవోడివన్నా. ముందు బెంచీలో పెద్దోళ్లు సెవులు మూసుకునీవోళ్లు. పాట ఆగిపోయినా నువ్వు కొడతానే ఉండీవోడివి. నీకు సెప్పడానికి నోరు రాలేదు. క్షమించు."

"నాకు ఇనబడక గట్టిగా కొట్టేను" అన్నాడు కృపానిధి, గడియారం చూసి టైమెంతో చెప్పినట్టు. జేమ్స్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆయన పట్టుకోనిచ్చాడు.

ఆ వారంలోనే షాలిని ఆయన్ని శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకువెళ్లింది. చెవుల పరీక్ష చేసే ఆమె పేరు శైలజ. చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యెత్తమంది. మొదట్లో చాలాసార్లు ఎత్తాడు. తర్వాత చాలాసేపు చేతులు ఒళ్లోనే ఉన్నాయి. గాజు అవతల శైలజ మీటలు తిప్పుతూనే ఉంది. ఇంకా పరీక్ష మొదలవలేదేమో అనుకున్నాడు.

బయటికి వచ్చాక కాగితం చూపించింది. దాని మీద గీత ఎడమ నుంచి కొంతదూరం తిన్నగా నడిచి, అక్కడినుంచి కిందికి జారిపోయింది.

"ఇటుపక్క డోలక్ లాంటి బండ శబ్దాలు. ఇవి బానే ఉన్నాయి మావయ్యా. అటుపక్క సన్నటివి. పిట్టల కూతలు, తాళాలు, మాటల్లో స, త లాంటి అక్షరాలు. ఇవి పోయాయి. మళ్లీ రావు. చెవికి మిషను పెట్టుకుంటే కొంత నయం. ఉన్నదాన్ని కాపాడుకోవాలి." ఆమె ఆ మాటలు మెల్లగా, పెదవులు కనబడేలా చెప్పింది. "మిల్లులో చెవులకి ఏమైనా పెట్టుకునేవారా?"

"లేదమ్మా. సూపులతోటి, సేతుల్తోటి మాటాడుకునీవోళ్లం."

మిషను పెట్టి చూసింది. బయట స్టీలు ట్రాలీ వెళ్తుంటే రేకులు చీల్చినట్టు వినబడి ఉలిక్కిపడ్డాడు. షాలిని, "నాన్నా, ఎలాగున్నాది?" అంది. ఆమె గొంతు ఆయనకి తెలిసిన గొంతు కాదు, ఇంకా సన్నగా, చిన్నపిల్ల గొంతులా ఉంది. ఆమె మాట్లాడుతూ ఉంటే ఆయన ఆమె ముఖంలోకే చూస్తూ ఉండిపోయాడు. మిషనుకి పేరు రాయించుకుని, వచ్చినప్పుడు కబురు చేస్తామంటే బయటికి వచ్చారు.

తర్వాతి సోమవారం ఆయన మిల్లు గేటు టెంటుకి వెళ్లాడు. ఇరవై ఏళ్లు పక్క మగ్గం మీద పనిచేసిన జోగయ్య పక్కన కూర్చుని, జేబులోంచి ఆసుపత్రి కాగితం తీసి చూపించాడు.

"ఇదేటి బావా?" అన్నాడు జోగయ్య.

"నా సెవులు. నువ్వు కూడా సూపించుకో."

"నా సెవులకేటి, బానే ఇనబడతన్నాయి."

"మీ ఇంట్లో కుక్కరు కూత ఇంటావా?"

జోగయ్య ఆలోచించాడు. "మాది కుయ్యదు బావా. పాడైపోనాది ఎప్పుడో. కొత్తది కొందామంటే మా ఆవిడ ఒప్పుకోదు."

కృపానిధి ఆయన వైపే చూశాడు. జోగయ్య ముఖం నెమ్మదిగా మారింది. పక్కనున్న మరో కార్మికుడు లక్ష్ముడు కాగితం అందుకుని తిరగేశాడు.

ఆ వారం ముగ్గురూ కలిసి శ్రీకాకుళం వెళ్లారు. లోపలికి ఒకళ్ల తర్వాత ఒకళ్లని పిలిచారు. కాసేపటికి శైలజ బల్ల మీద మూడు కాగితాలు వరసగా పరిచింది. మూడింటిలోనూ గీత ఒకే చోట కిందికి జారింది. ఆమె ఎవరికో ఫోన్ చేసి డాక్టర్ని పిలిపించింది. ఆయన చూసి, షెడ్డులో ఎంతమంది పనిచేసేవారని అడిగాడు. "షిఫ్టుకి నూటెనభై మంది" అన్నాడు కృపానిధి. డాక్టరు ఆ అంకె రాసుకుని, మిల్లు తెరవకముందే అందరినీ పంపించమన్నాడు. యూనియన్ వాళ్ల చేత అర్జీ పెట్టించమన్నాడు. కృపానిధి మళ్లీ నోటుబుక్కు తీశాడు. ఈసారి పేర్లు రాశాడు. ఏప్రిల్ ఆఖరుకి అరవై నాలుగు మందిని బస్సెక్కించి తీసుకువెళ్లాడు. చాలామంది ముందు తిట్టారు. కొందరు రాలేదు. వచ్చినవాళ్ల కాగితాల్లో యాభైకి పైగా ఒక్కలాగే ఉన్నాయి.

మే నెలలో చర్చి పండగ జరిగింది. పాటలన్నీ ఆయనకి నోటికి రాలేదు గానీ, వెనక వరసలో మగవాళ్ల మధ్య నిలబడి డోలక్ దరువుని పట్టుకుని పాడాడు. అప్పటికి మిషను వచ్చింది. ప్రసంగం వరకూ పెట్టుకుని, పాటలప్పుడు తీసి జేబులో వేసుకున్నాడు.

జులైలో మిల్లు ఒక షిఫ్టుతో తెరిచారు. పిలుపు వచ్చిన మొదటి నలభై మందిలో కృపానిధి ఉన్నాడు. వెళ్లేరోజు పొద్దున్న స్వర్ణ క్యారేజీ కడుతూ అడిగింది, ఆయనకి ఎదురుగా నిలబడి, గట్టిగా కాకుండా, పెదవులు కనబడేలా.

"మీకు బాదనిపించడం లేదా?"

ఆయన చెప్పులేసుకుంటూ ఆగాడు. నిజంగానే వెతికి చూసుకున్నాడు.

"తెలవడం లేదే. ఉన్నాదేమో. నాకింకా తెలవడం లేదు."

"సరే" అంది స్వర్ణ, క్యారేజీ అందిస్తూ.

శైలజ ఇచ్చిన స్పాంజి బిరడాలు రెండు గేటు దగ్గరే చెవుల్లో పెట్టుకున్నాడు. జోగయ్య కూడా పెట్టుకున్నాడు. కొత్తగా చేరిన సూపర్‌వైజరు వాళ్లని చూసి ఏదో అన్నాడు. ఏమన్నాడో ఇద్దరికీ వినబడలేదు. మగ్గాలు తిరగడం మొదలైంది.